ఒండ్రులో మెంతిగింజ

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పొద్దుటి కూత కూసే వేళకే రాందాస్ సార్ ఇంట్లో, వంటింటి కిటికీ గట్టు మీద ఆరు గాజు సీసాలు వరుసగా నిలబడి ఉండేవి. ఆరింటిలోనూ బురద నీళ్ళే. కొత్తగా ఇంటికి వచ్చినవాళ్ళు అవేవో కషాయాలు అనుకునేవాళ్ళు. పాలు పోసే హన్మవ్వ ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"గివేందమ్మా, సారుకు కడుపుల బాగలేదా?"

సార్ భార్య శ్యామలమ్మ నవ్వింది. అవి కాలువ నీళ్ళనీ, అందులోని మట్టి ఎంతసేపట్లో అడుగుకు దిగుతుందో సార్ చూస్తాడనీ చెప్పింది.

"దిగుతే ఏమైతది?" అన్నది హన్మవ్వ.

సాయంత్రం శ్యామలమ్మ అదే మాట భర్తను అడిగింది. ఆయన కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. "ముప్పై ఏండ్లల్ల నన్ను ఎవ్వరూ గింత సక్కగ అడగలే. హన్మవ్వ రేపు వస్తే కూసోబెట్టు" అన్నాడు. అన్నట్టే మర్నాడు ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి అరగంట చెప్పాడు. మధ్యలో పాలు విరిగిపోతాయని హన్మవ్వ లేచిపోయింది గానీ, ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా ముందు సీసాల వైపు ఒక చూపు చూసి, "ఇయ్యాల జల్దిగ దిగుతున్నట్టుంది" అనేది.

రాందాస్‌ది మెండోర పక్కన, గోదావరి ఒడ్డున పసుపు పండించే కుటుంబం. ఆయన చిన్నప్పుడు ఒక వానాకాలం నది పొంగి వాళ్ళ చేను మీద మోకాలి లోతు ఒండ్రు పోసి వెళ్ళిందట. వాళ్ళ నాయన ఆ మట్టిని పిడికిట్లోకి తీసుకుని వాసన చూసి, "ఇది మనది గాదు, ఎవనిదో" అన్నాడట. ఆ మాట పిల్లవాడి మనసులో పాతుకుపోయింది. ఎవరిది? ఎక్కడ బయలుదేరింది? ఇంత దూరం వచ్చి ఇక్కడే ఎందుకు ఆగింది? ఉర్దూలో చదువుకుని, హైదరాబాదు వెళ్ళి, నీళ్ళనూ మట్టినీ పరీక్షించే సర్కారు ప్రయోగశాలలో చేరి, ఉద్యోగమంతా ఆ మూడు ప్రశ్నలతోనే గడిపాడు. 1956లో రాష్ట్రం మారి, ఆఫీసులో కాగితాలు మారి, ఎవరి కుర్చీ ఎటు పోతుందోనని అందరూ తిరుగుతున్న రోజుల్లో కూడా ఆయన నిలువెత్తు గాజు గొట్టం ముందు కూర్చుని, ఇసుక రేణువు కిందికి దిగడం చూస్తూ ఉండేవాడని తోటివాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

1964లో పింఛను వచ్చింది. హైదరాబాదులోనే ఉండమని పెళ్ళయిన కూతురు రేణుక పోరు పెట్టినా వినలేదు. "కాలువ ఉన్నకాడ నాకు పొద్దు పోతది" అని బోధన్ వచ్చి, ఫ్యాక్టరీ వెనక వీధిలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. చుట్టూ నిజాంసాగర్ కాలువలు, చెరుకు తోటలు, వరి మళ్ళు. గాజు గొట్టాలు సర్కారువి, అక్కడే ఉండిపోయాయి. ఇంట్లో ఉన్నవి షర్బతు సీసాలు, మందుల సీసాలు. వాటికే కాగితం పట్టీ అంటించి గీతలు గీశాడు.

ఆయన వారానికి రెండుసార్లు సైకిలు మీదో బస్సు మీదో వెళ్ళి మూత డబ్బాల్లో కాలువ నీళ్ళు తెచ్చేవాడు. సీసాల్లో పోసి, గలగల ఊపి, గట్టు మీద పెట్టేవాడు. ఆ తర్వాత పని శ్యామలమ్మది. మూడో తరగతితో చదువు ఆగిన మనిషి ఆమె. పెద్ద అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది, అంకెలు బాగా వచ్చు. పప్పు ఉడికేలోపు ఒకసారి, అన్నం వార్చి ఒకసారి వచ్చి, తేటనీళ్ళకూ బురదకూ మధ్య గీత ఏ అంకె దగ్గరికి దిగిందో చూసి, గడియారం చూసి, కేకేసి చెప్పేది. ఆయన రాసుకునేవాడు. మొదట్లో ఇదేం పని అనుకుంది. రెండేళ్ళు గడిచేసరికి, ఏ నీళ్ళు ముందు తేటపడతాయో పోసినప్పుడే రంగు చూసి పసిగట్టగలిగేది. కానీ పైకి అనేది కాదు.

ఆయన దగ్గర ఒక లావుపాటి నోటుబుక్కు ఉండేది. పేజీ మధ్యలో నిలువు గీత. ఎడమ పక్క, నీళ్ళు సీసాలో పోయకముందే, ఏం జరుగుతుందని తాను అనుకుంటున్నాడో రాసేవాడు. కుడి పక్క, జరిగింది రాసేవాడు. ఎడమ పక్క రాసినదాన్ని తర్వాత దిద్దడం, కొట్టేయడం ఆ ఇంట్లో పెద్ద తప్పు. ఒకసారి శ్యామలమ్మ, "తప్పని తెల్సినంక గది ఎందుకు ఉంచుడు, కొట్టేస్తే అయిపాయె గద" అంటే, "కొట్టేస్తే నేను ఎన్నడు తప్పు అనుకోలేదని నాకే అనిపిస్తది" అన్నాడు.

ఈ సంగతి మీద ఆదివారం ఆదివారం అరుగు మీద పెద్ద వాదన నడిచేది. ఫ్యాక్టరీలో చెరుకు రసం పరీక్షించే దేవిదాస్ వచ్చేవాడు. సరిహద్దు అవతలి మనిషి, మాటలో మరాఠీ దొర్లుతుంది. ఒక విషయం నూరుసార్లు నిజమని తేలితే ఇక నమ్మాల్సిందేనని అతని పట్టు. నూరుసార్లు ఎట్లా చూశావు, తప్పని తేలే అవకాశం ఇచ్చి చూశావా, లేక అవుననిపించుకోవడానికే చూశావా అని రాందాస్ అడిగేవాడు. శాస్త్రం అంటే తెలిసిన విషయాల మూట కాదనీ, మన మాటను మనమే నిలదీసే పద్ధతి అనీ, పద్ధతి వదిలితే ఎంత చదివినా చేతిలో మూటే మిగులుతుందనీ చెప్పేవాడు. మూడు కప్పుల చాయ్ అయ్యాక ఇద్దరూ ఎవరి మాట మీద వాళ్ళే లేచేవాళ్ళు. లోపల చిక్కుడుకాయలు ఒలుస్తూ శ్యామలమ్మ అన్నీ వినేది. సగం అర్థమయ్యేది. ఆ సగం మాత్రం బాగా అర్థమయ్యేది.

1966 వానాకాలంలో ముత్తారం రైతులు వెతుక్కుంటూ వచ్చారు. వర్ని దిక్కు ఒక చిన్న కాలువకు చిట్టచివరి ఊరు అది. నాలుగేళ్ళుగా నీళ్ళు సరిగ్గా అందడం లేదు. ఎండాకాలం తలా ఇంత వంతు వేసుకుని పూడిక తీస్తారు, దసరాకు మళ్ళీ పూడిపోతుంది. పెద్దమనిషిగా ముందు నిలబడ్డ పోశన్నకు కారణం ముందే తెలుసు. కాలువ ఎగువన క్యాంపు ఉంది. కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న వాళ్ళ ఊళ్ళను అక్కడ క్యాంపులంటారు. ఆ క్యాంపులో వెంకట్రావు అనే రైతు పల్లపు భూమి కొని, మడుల్లో ఎక్కువైన నీళ్ళు పోవడానికి ఒక మురుగు కాలువ తవ్వి, ఈ కాలువలోకి వదిలాడు. దమ్ము చేసినప్పుడల్లా బురదంతా దాంట్లోంచే వచ్చి పడుతోందని పోశన్న మాట.

"సదువుకున్నోళ్ళు మీరు సూసి సెప్పుండ్రి సార్. మేం సెప్తే కొట్లాట అంటరు" అన్నాడు.

రాందాస్‌కు వెంకట్రావు కొత్త కాదు. నీళ్ళకోసం భార్యతో అటు వెళ్ళినప్పుడు రెండుసార్లు ఇద్దరూ వాళ్ళ ఇంట్లో ఆగారు. అతని భార్య శివపార్వతి, శ్యామలమ్మను చూడగానే వదినగారూ అని వరస కలిపేసుకుంది. పోయిన ఎండాకాలం పెద్ద గాజు సీసా నిండా, నూనె లేకుండా ఉప్పూ మెంతులూ వేసి ఊరేసిన నిమ్మకాయ ఇచ్చి పంపింది.

పోశన్న అడిగిన మర్నాడు రాందాస్ వెళ్ళి మురుగు కాలువ కలిసే చోటికి కొంచెం ఎగువన ఒక డబ్బా, దిగువన ఒక డబ్బా నీళ్ళు పట్టుకుని వచ్చాడు. పోశన్న, అతని తమ్ముడు నర్సన్న వెంటే వచ్చి అరుగు మీద కూర్చున్నారు. సాయంత్రం బస్సుకు జవాబు తీసుకుపోవాలని వాళ్ళ తొందర. తీరా చూస్తే ఒక్క సీసానే ఖాళీగా ఉంది. నాలుగింటిలో వేరే కాలువ నీళ్ళు ఉన్నాయి, ఒకదాన్ని పొద్దున్నే పిల్లి దొర్లించి పగలగొట్టింది. ఇంకొక సీసా కావాలి, జల్దీ తెమ్మని ఆయన కేకేశాడు. ఆ రోజే చేదబావి తాడు తెగి ఇంట్లో ఒక్క బిందె నీళ్ళే ఉన్నాయి. శ్యామలమ్మ నిమ్మకాయ సీసాలో మిగిలిన నాలుగు ముక్కలు గిన్నెలోకి వంపి, ఒక గ్లాసు నీళ్ళు పోసి గిరగిర తిప్పి పారబోసి, ఇచ్చేసింది. దిగువ నీళ్ళు అందులో పడ్డాయి.

గంటన్నర గడిచేసరికి ఆ సీసా అడుగున వేలెడు మందాన మట్టి పేరుకుంది. పైన నీళ్ళు తేటగా మెరుస్తున్నాయి. ఎగువ నీళ్ళ సీసా మాత్రం సాయంత్రం దాకా చిక్కటి చాయ్ లాగే ఉంది. రాందాస్ నోటుబుక్కు తెరిచాడు. ఎడమ పక్క పొద్దున తానే రాసుకున్నాడు, పూడిక మురుగు కాలువ నుంచే రావచ్చునని. కుడి పక్క అదే రాశాడు. బరువైన మట్టి మురుగు కాలువ కలిసిన చోటే నీళ్ళలో చేరుతోందని, అదే కింద కాలువలో దిగిపోతోందని పోశన్నకు చెప్పాడు.

"నేను అనుకున్నదే" అన్నాడు పోశన్న.

"నేనూ గదే అనుకున్న" అన్నాడు రాందాస్.

ఆ తర్వాత రెండు మూడు రోజులు ఆయన నడకే మారిపోయింది. బజారులో తెలిసినవాళ్ళు ఆపి, సార్ వల్ల ముత్తారం కొట్లాట తేలిపోయిందటగా అని అడిగారు. ముప్పై ఏళ్ళు గాజు గొట్టం ముందు కూర్చున్న మనిషి. తన చదువు ఒక ఊరికి పనికి రావడం ఇదే మొదలు. రాత్రి అన్నం తింటూ ఆ మాటే రెండుసార్లు చెప్పాడు. శ్యామలమ్మ కూడా మురిసిపోయింది.

నాలుగో రోజు మధ్యాహ్నం శివపార్వతి బస్సు దిగి వచ్చింది. చీర కుచ్చిళ్ళకు బురద. కూర్చోమంటే కూర్చుంది, మంచినీళ్ళిస్తే తాగింది. ముత్తారం వాళ్ళు మూకుమ్మడిగా వచ్చి మురుగు కాలువకు రాళ్ళూ మట్టీ అడ్డం వేశారని, అవతల పది ఎకరాలు నాటు వేసి వారం కూడా కాలేదని, నీళ్ళు పోయే దారి లేక నాట్లు మునిగి ఉన్నాయని చెప్పింది. ఇంకో రెండు రోజులు అట్లాగే ఉంటే కుళ్ళిపోతాయి.

"మాస్టారు చెప్పారంట కదండీ వదినగారూ. ఆయన చెప్పారంటే మా ఆయన కూడా ఏమీ అనలేక ఊరుకున్నారు. చదువుకున్న మనిషి ఊరికే అనరు కదా అంటున్నారు."

తిట్టడానికి వచ్చినట్టు లేదు. అడగడానికి వచ్చినట్టూ లేదు. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కాబట్టి వచ్చినట్టుంది. లేచి వెళ్ళబోతూ కిటికీ గట్టు వైపు చూసి ఆగింది.

"అయ్యో, సీసాలో నిమ్మకాయ అప్పుడే అయిపోయిందా? తెలిస్తే ఇంకో నాలుగు కాయలు తెచ్చేదాన్నిగా."

ఆమె వెళ్ళాక శ్యామలమ్మ చాలాసేపు ఆ సీసాను చూస్తూ నిలబడింది. నాలుగు రోజులుగా అట్లాగే ఉంది, కడగలేదు. తీసుకుపోయి పెరట్లో పైనున్న తేటనీళ్ళు వంపింది. అడుగున మట్టి ముద్దగా జారింది. ఆ ముద్ద పక్కన ఏదో పచ్చగా, ఉబ్బి కనపడింది. వేలితో తీసింది. మెంతిగింజ. వంటకు అలవాటైన చేతికి అది నిమ్మకాయ ఊరగాయలోదని వేరే చెప్పనక్కర లేదు. తడి వేలిని నాలుకకు తాకించుకుంది. ఉప్పు.

కాలువ నీళ్ళు ఉప్పగా ఉండవు. సీసా భుజం లోపల, గట్టిపడి అంటుకున్న కల్లుప్పును ఆ రోజు ఒక్క గ్లాసు నీళ్ళు కరిగించలేదు. కాలువ నీళ్ళు కరిగించాయి. ఉప్పుకూ మట్టి దిగడానికీ ఏమన్నా సంబంధం ఉందో లేదో ఆమెకు తెలియదు. కానీ ఆరు సీసాల్లో ఒక్క సీసా వేరేగా ఉందన్నది తెలుసు. వేరేగా ఉన్నది తనవల్లనే అన్నది కూడా తెలుసు.

ఆయన పోస్టాఫీసుకు వెళ్ళాడు. చెంబు నిండా నీళ్ళు పక్కనే ఉన్నాయి. రెండు నిమిషాల్లో సీసా కడిగి బోర్లిస్తే మెంతిగింజ సంగతి పెరటి మట్టికి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన ఎంత సంతోషంగా ఉన్నాడో ఆమె కళ్ళారా చూసింది. ఈ వయసులో ఊళ్ళో నలుగురి ముందు ఆయన మాట పడిపోతే మళ్ళీ లేస్తాడా అని ఆమె భయం. మరోపక్క శివపార్వతి చీరకున్న బురద కళ్ళ ముందు ఆడింది. శ్యామలమ్మ చెంబు ముట్టుకోలేదు. మెంతిగింజను చిన్న గిన్నెలో వేసుకుని, సీసా ఒళ్ళో పెట్టుకుని, మెట్టు మీద కూర్చుంది.

ఆయన వచ్చాడు. వెనకనే దేవిదాస్ కూడా ఉన్నాడు.

"ఇగో, జర ఇటు చూడుండ్రి" అన్నది. "గీ సీసాల మెంతిగింజ ఉన్నది. ఉప్పు ఉన్నది. నేనే సరిగ కడగలే ఆ రోజు. తప్పు నాది."

రాందాస్ ఆమె ముఖం చూశాడు, గింజను చూశాడు. సీసా తీసుకుని వేలు ముంచి నాకాడు. అడుగున మట్టిని రెండు వేళ్ళ మధ్య నలిపాడు. పసుపు పొడి లాగా మెత్తగా జారింది. బరువైన ఇసుకమట్టి అయితే వేళ్ళ మధ్య గరగరమనాలి. ముప్పై ఏళ్ళు ఆయన ముందుగా చేసే పని అదే, మట్టిని నలిపి చూడడం. ఆ రోజు చేయలేదు.

లోపలికి వెళ్ళి ఎగువ నీళ్ళ డబ్బాలో మిగిలినవి తెచ్చి, బాగా కడిగిన రెండు సీసాల్లో సగం సగం పోశాడు. ఉప్పు తెమ్మన్నాడు. ఒక సీసాలో ఉప్పు వేసి ఊపి, రెంటినీ పక్కపక్కన పెట్టి కింద కూర్చున్నాడు. దేవిదాస్ కూడా కూర్చున్నాడు. ఉప్పు సీసాలో బురద మెల్లగా విరిగిన పాలలాగా పలుకులు పలుకులయింది, పలుకులు కలిసి కిందికి జారాయి. గీత ఒక్కో అంకె దిగుతుంటే రాందాస్ ముఖంలో మొదట వచ్చింది సంతోషమేనని శ్యామలమ్మ ఎప్పటికీ చెప్పగలదు. చిన్నపిల్లవాడి సంతోషం. అది పోయాక తల వంగిపోయింది.

"ఫ్యాక్టరీల మేం రసంల సున్నం ఏస్తే గిట్లనే అయితది సార్" అన్నాడు దేవిదాస్ నెమ్మదిగా.

"నాకు తెల్వదా? సముద్రంల నది కలిసిన కాడ గిదే అయితదని నేను రిపోర్టు రాసిన మనిషిని. వేరే జవాబు వస్తే ఇంకొక్క సీసా పెట్టి చూసేటోన్ని. నేను అనుకున్నదే వచ్చింది, గందుకే చూడలే."

పోశన్నకు ఒక చీటీ రాసి పంపితే చాలని దేవిదాస్ సలహా చెప్పాడు. ఇంకా పరీక్షలు చేయాల్సి ఉందని, అప్పటిదాకా మురుగు కాలువ తెరవమని రాస్తే సరిపోతుంది. ఊరి ముందుకు పోయి నిలబడితే ఇజ్జత్ పోతుంది.

"తప్పు మాట ఊరి ముందట చెప్పిన. ఒప్పు మాట చీటీల చెప్పాల్నా?" అన్నాడు రాందాస్.

శ్యామలమ్మ మళ్ళీ, కడగనిది తనే కదా అంది.

"సీసా నీది. రాసిన చెయ్యి నాది" అని ఆయన లోపలికి వెళ్ళాడు.

మర్నాడు మొదటి బస్సుకు భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. ముత్తారం కాలువ గట్టు మీద పోశన్న, నర్సన్న, ఇంకో ఇరవై మంది చేరారు. కబురు అందుకుని వెంకట్రావు వచ్చి కొంచెం ఎడంగా నిలబడ్డాడు. రాందాస్ అక్కడికక్కడే కాలువ నీళ్ళు ముంచి రెండు సీసాల్లో పోశాడు. తన ఇంటి ఉప్పు తేలేదు. తెస్తే అందులో ఏదో కలిపాడనుకుంటారని. పోశన్న తల్లి ముత్తవ్వను ఇంట్లోంచి పిడికెడు ఉప్పు తెమ్మన్నాడు. ఆమె చేత్తోనే ఒక సీసాలో వేయించాడు.

గంటసేపు బీడీలు కాలుస్తూ, ఆకు నములుతూ అందరూ చూశారు. ఒక సీసా తేటపడింది. రెండోది అట్లాగే ఉంది.

"రెండు సీసాలల్ల నీళ్ళు ఒక్కటే. మీ కండ్ల ముందట్నే ముంచిన. ఆ రోజు నా సీసాల నిమ్మకాయ తొక్కు ఉప్పు ఉండె. నేను చూస్కోలే. వెంకట్రావు మురుగు కాలువ మీద నేను చెప్పిన మాట తప్పు. అడ్డం తీసేయుండ్రి" అన్నాడు రాందాస్.

నర్సన్న పక్కకు తిరిగి, నిమ్మకాయ తొక్కు సదివినంత మనం సదువలేదురా అన్నాడు. కొందరు నవ్వారు. శ్యామలమ్మ చెవులు వేడెక్కాయి. తల వంచుకుంది. రాందాస్ కూడా నవ్వాడు, మనస్ఫూర్తిగానే.

పోశన్న నవ్వలేదు. "మరి మా నీళ్ళు ఏడ పోతున్నయి సార్?"

"నాకు తెల్వదు పోశన్నా. నాలుగు రోజుల కింద తెలుసనుకున్న."

"తెల్వదని సెప్పనీకి ఇంత దూరం వస్తిరా?"

"అవు."

పోశన్న ఆయన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత పార భుజాన వేసుకుని ముందుగా తనే ఎగువకు నడిచాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి రాళ్ళు తీసేశారు. మడుల్లో నిలిచిన నీళ్ళు గొంతు విప్పినట్టు కదిలాయి. నాలుగు ఎకరాలు తల ఎత్తాయి. ఆరు ఎకరాలు అప్పటికే పాచిపోయాయి.

వెంకట్రావు గట్టు మీద గొంతుకూర్చున్నాడు. రాందాస్ వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"మీరు రాకపోతే ఆ నాలుగూ పోయేవండి మాస్టారూ" అన్నాడు వెంకట్రావు, మడి వైపే చూస్తూ. దాంట్లో క్షమించడం ఎంతో, నొప్పి ఎంతో శ్యామలమ్మకు అంతు పట్టలేదు.

అప్పుడు ముత్తవ్వ కలగజేసుకుంది. నీళ్ళు రాక ముత్తారంలో నాలుగిళ్ళ నారు మడిలోనే ముదిరిపోతోంది, పీకి నాటే దారి లేదు. "ఉట్టిగ ఎండిపోవుడు ఎందుకు బిడ్డా, పీక్కపోయి నాటుకోండ్రి" అంది వెంకట్రావుతో. పోశన్న తల్లి వైపు కొరకొర చూశాడు, కానీ కాదనలేదు. రెండో రోజు క్యాంపు ఆడవాళ్ళూ ముత్తారం ఆడవాళ్ళూ కలిసి నారు పీకారు. శ్యామలమ్మ కూడా చీర దోపుకుని మడిలోకి దిగింది. శివపార్వతి ఆమె పక్కనే వంగి, ఎవరూ వినకుండా, "ఈసారి కాయలు జాడీలో పోసి పంపుతాలెండి, సీసాలో వద్దు" అన్నది. ఇద్దరికీ నవ్వాగలేదు.

ఆ తర్వాత రాందాస్ ఎనిమిది నెలలు ఆ కాలువ వెంట నడిచాడు. ఎండాకాలం ముత్తారం వాళ్ళు పూడిక తీస్తుంటే ఒడ్డున కూర్చుని చూశాడు. ఊరికి పై భాగాన ఒక జాగాలో ఒండ్రు నల్లగా, వెన్నలాగా ఉంటుంది. పొలాలకు బలమని బండ్లకెత్తి తోలుకుంటారు. మట్టి మీద ఆశతో అడుగు ఒక్కటే తీయరు, పక్కలు కూడా చెక్కుతారు. ఏడాదికి ఇంత చొప్పున అక్కడ కాలువ రెండింతలు వెడల్పయింది. వెడల్పు అయిన చోట నీళ్ళ నడక మందగిస్తుంది, మోసుకొచ్చిన మట్టిని దింపేస్తుంది. మట్టి ఎక్కువ దిగితే వాళ్ళు ఇంకా సంతోషించి ఇంకా చెక్కుతారు. ఆయన ఈ మాట అప్పుడే ఎవరికీ చెప్పలేదు. ఎడమ పక్క రాసుకున్నాడు. ఎట్లా అయితే తన మాట తప్పని తేలుతుందో కూడా కింద రాశాడు. అప్పుడు పోశన్నను పిలిచి, ఇది నిజమో కాదో మీరే చూడండి అని, ఆ జాగాలో గుంజలు పాతి తుమ్మకంప అల్లి కాలువను ఇరుకు చేయమని అడిగాడు. తప్పయితే కంప పీకేయవచ్చు, ఎవరి నాటూ మునగదు.

మొదటి ఏడు అంతంత మాత్రం. రెండో ఏడు చివరి మడి దాకా నీళ్ళు వెళ్ళాయి. అన్ని రోజులూ కాదు, ఎక్కువ రోజులు. కుడి పక్క అట్లాగే రాశాడు, ఎక్కువ రోజులు అని. పోశన్న బోధన్ వచ్చినప్పుడల్లా అరుగు మీద కూర్చుని దేవిదాస్‌తో వాదించడం మొదలుపెట్టాడు. ఉప్పు సంగతి ఎత్తి సార్‌ను ఆటపట్టించేవాడు. కానీ ఏ ఊరివాళ్ళు కొట్లాటకొచ్చినా, "మా సార్‌ను అడుగుండ్రి. తెల్వకపోతే తెల్వదంటడు" అని చెప్పేవాడు. అంతకంటే పెద్ద మెప్పు రాందాస్ ఎవరి దగ్గరా అందుకోలేదు.

1972 చలికాలంలో ఆయన మూడు రోజుల జ్వరంతో పోయాడు. కూతురు వచ్చి తనతో హైదరాబాదు రమ్మంది. తర్వాత వస్తానని శ్యామలమ్మ ఆగిపోయింది. సీసాలన్నీ కడిగి గట్టు మీదనే బోర్లించింది. రోజూ పప్పు ఉడికేలోపు ఒకసారి వచ్చి, అక్కడ చూసేదేమీ లేదని గుర్తొచ్చి, వెనక్కి వెళ్ళేది. ఒకరోజు నోటుబుక్కు తీసి 1966 పేజీ వెతుక్కుంది. కూడబలుక్కుంటూ చదివింది. మురుగు కాలువ నుంచే రావచ్చునన్న మాట ఎడమ పక్క కొట్టేయకుండా అట్లాగే ఉంది. కుడి పక్క మొదట రాసిన దాని కింద తర్వాత రాసిన రెండు వరుసలు ఉన్నాయి. తప్పు. సీసాలో ఉప్పు, నేను చూడలేదు, శ్యామల చూసింది.

ఆ రెండు వరుసల మీద చేయి పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

తర్వాతి వానాకాలం పోశన్న డబ్బాతో వచ్చాడు. కంప పాతబడి కొంత కొట్టుకుపోయిందట. ఈ ఏడు నీళ్ళ రంగు కూడా మారిందట, ఎర్రగా వస్తున్నాయట.

"సార్ లేడని తెల్సు. అయినా తెచ్చిన. మీరు సూడుండ్రి అమ్మా."

తనకేం తెలుసని ఆమె అనబోయింది. అనలేదు. సీసా తీసుకుని బూడిద పెట్టి తోమి మూడుసార్లు కడిగింది. ఆఖరి నీళ్ళను, ఏడేళ్ళుగా ఉన్న అలవాటు ప్రకారం, నాలుకకు తాకించుకుంది. ఉప్పు లేదు. డబ్బా అడుగున మట్టిని వేళ్ళతో నలిపింది. కొంచెం గరగరమంది. నీళ్ళు పోయకముందు నోటుబుక్కు తెరిచి, ఖాళీ పేజీలో నిలువు గీత గీసింది. ఎడమ పక్క వంకర అక్షరాలతో రాసింది, రెండు గంటలు.

నీళ్ళు పోసి, ఊపి, గట్టు మీద పెట్టి ఇద్దరూ కూర్చున్నారు. పోశన్న కాలువ సంగతులు చెప్తున్నాడు. ఆమె మధ్య మధ్యలో లేచి గీత చూస్తోంది. గంటా పది నిమిషాలకే నీళ్ళు తేటపడ్డాయి.

"ఎంత అన్కున్నరమ్మా?" అన్నాడు పోశన్న.

"రెండు గంటలు."

"తప్పాయె గద."

"అవు" అన్నది శ్యామలమ్మ. కుడి పక్క గంటా పది నిమిషాలు అని రాసింది. ఎడమ పక్కది ముట్టుకోలేదు. లేచి ఇంకొక సీసా కడగడానికి వెళ్ళింది.